బుఢి ఠాకురాణి ఆలయం, బరంపురం

ఒడిశా రాష్ట్రం గంజాం జిల్లాలోని బరంపురం నగరానికి అధిదేవత బుఢి ఠాకురాణి. రెండేళ్లకొకసారి, చైత్రమాసం ప్రాంతంలో, ఈ అమ్మవారికి జరిగే ఠాకురాణి యాత్ర దక్షిణ ఒడిశాలోని పెద్ద జాతరల్లో ఒకటి. యాత్రను మొదలుపెట్టినవారు రాజమహేంద్రవరం వైపు నుంచి వలస వచ్చిన తెలుగు నేతవారని సంప్రదాయం చెబుతుంది. స్థానికంగా వీరిని డేరా సముదాయం అంటారు. సముదాయ పెద్ద బిరుదు దేశిబెహెరా. యాత్ర రోజుల్లో అమ్మవారు గుడి విడిచి దేశిబెహెరా వీధిలో వేసిన తాత్కాలిక మందిరంలో కొలువుంటుంది. ఆ వీధి ఆమెకు పుట్టిల్లు. కాబట్టి ఈ దేవాలయాన్ని ఒక కట్టడంగా కాక రెండు ఇళ్లుగా, ఆ రెంటి నడుమ నడిచే దారిగా చూస్తేనే పూర్తిగా అర్థమవుతుంది.

పేర్లు

‘ఠాకురాణి’ ఒడియా మాట. దొరసాని, దేవత అని అర్థం. తెలుగులో ‘అమ్మవారు’ అన్నట్టుగా ఒడిశా పల్లెల్లో గ్రామదేవతను ఠాకురాణి అంటారు. ‘బుఢి’ అంటే ముసలి, పెద్ద. తెలుగునాట ముసలమ్మ, పెద్దమ్మ అనే పేర్లతో వెలసిన దేవతల కోవలోదే ఈ పేరు కూడా. వయసును కాదు, ఊళ్లో పెద్దరికాన్ని చెప్పే విశేషణం ఇది. అయితే పేరుకు పెద్దమ్మ అయిన ఈ దేవత కథలో చిన్నపిల్లగా కనిపిస్తుంది (చూడు: గాజుల కథ).

నగరం అధికారిక నామం బ్రహ్మపుర్. ఆంగ్లేయుల కాలపు రూపం బెర్హంపూర్. తెలుగువారు బరంపురం అంటారు. పట్టుచీరల గిరాకీ వల్ల గోదావరి, కృష్ణా జిల్లాల ఇళ్లలో కూడా ఈ తెలుగు రూపమే స్థిరపడింది.

నేపథ్యం: రెండు భాషల సీమ

గంజాం ప్రాంతం ఒడియా, తెలుగు భాషలు కలిసే చోటు. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక 18వ శతాబ్దం ఉత్తరార్ధం నుంచి ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం అందులో చేరింది. పాత గంజాం జిల్లాలోని ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం వైపు భాగాలు మద్రాసు రాష్ట్రంలోనే మిగిలాయి. 1893–1896 మధ్య వేసిన తూర్పు కోస్తా రైలుమార్గం బరంపురాన్ని ఒకవైపు కటకానికి, మరోవైపు విశాఖపట్నం, రాజమండ్రిలకు కలిపింది.

మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో ఇక్కడి తెలుగు కుటుంబంలో పుట్టారు. వేగుజుక్క గ్రంథమాల ఈ ఊరి నుంచే తెలుగు పుస్తకాలు వెలువరించింది. నేటికీ బడా బజార్, గేట్ బజార్ వంటి వ్యాపార ప్రాంతాల్లో ఒక్క బేరంలోనే రెండు భాషలూ వినిపిస్తాయి. కోర్టుపేట వంటి పేట పేర్లలో తెలుగు తోక కనిపిస్తుంది. నేతవారు ఈ రెండు భాషల సీమకు వచ్చినవారిలో ఒక వర్గం మాత్రమే. వ్యాపారులు, ఉద్యోగులు, పురోహితులు, రైల్వే పనివారు వేర్వేరు కాలాల్లో వచ్చారు. ఊరి అమ్మవారి మీద పుట్టింటి హక్కు దక్కింది మాత్రం నేతవారికే.

డేరా నేతవారి వలస

సంప్రదాయం ప్రకారం బరంపురానికి ఆనుకొని ఉన్న మహురి సంస్థానపు రాజు పట్టు నేత కోసం రాజమహేంద్రవరం నుంచి నేతవారిని పిలిపించుకున్నాడు. ఈ వలసకు చెప్పే సంవత్సరం 1672. నేతవారి నాయకుడి పేరు కోట చంద్రమణి కుబేర సేనాపతి. ఈ పేరు కూర్పు గమనించదగినది. మొదట ఉన్న ‘కోట’ తెలుగు ఇంటిపేరులా కనిపిస్తుంది. చివరి ‘సేనాపతి’ ఒడియా సంస్థానాల్లో వినిపించే గౌరవ నామం. ఒకే మనిషి పేరులో వచ్చిన ఊరూ చేరిన ఊరూ రెండూ చోటు చేసుకున్నాయి. దేశిబెహెరా అన్న బిరుదులోని ‘బెహెరా’ కూడా ఒడియాలో కులపెద్దకు, నాయకుడికి వాడే మాటే.

1672 నాటికి రాజమహేంద్రవరం గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉంది. అబుల్ హసన్ తానీషా గద్దెనెక్కిన ఏడాదీ అదే. పదిహేనేళ్లకు గోల్కొండ మొగలుల వశమైంది. అప్పటికే గోదావరి డెల్టా బట్టల కోసం డచ్చి, ఆంగ్ల వర్తకులు తీరం వెంబడి కోఠీలు పెట్టుకున్నారు. నేర్పున్న నేతగాడికి నాలుగు చోట్ల గిరాకీ ఉన్న కాలం అది. అలాంటి రోజుల్లో నాలుగు వందల యాభై కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి తరలి రావడానికి రాజాశ్రయమే తగిన ఆకర్షణ అయి ఉండాలి. ఇళ్ల స్థలాలు, కొనుగోలుకు హామీ, కులపెద్దకు గుర్తింపు లేకుండా మగ్గాలు విప్పుకుని అంత దూరం ఎవరూ రారు.

గాజుల కథ

ఆలయ స్థలపురాణం ఒక గాజులమ్మే మనిషితో మొదలవుతుంది. దారిలో ఒక చిన్నపిల్ల అతన్ని ఆపి గాజులు వేయించుకుంటుంది. డబ్బులు అడిగితే, నేతవారి పెద్ద మా నాన్న, ఆయన దగ్గర తీసుకొమ్మని చెప్పి వెళ్లిపోతుంది. గాజులవాడు చంద్రమణి కుబేర సేనాపతి ఇంటికి వచ్చి సొమ్ము అడుగుతాడు. ఆ పిల్ల ఎవరో ఆయనకు అంతుపట్టదు. ఆ రాత్రి అమ్మవారు కలలో కనిపించి, వచ్చింది తానేనని, తనను కూతురిగా భావించి కొలవమని చెబుతుంది. చెప్పేవారిని బట్టి చిన్న చిన్న వివరాలు మారినా ఈ వరస మారదు.

గాజులు వేయించుకుని తండ్రి పేరు చెప్పే దేవత కథ తూర్పు భారతంలో ఇదొక్కటే కాదు. బెంగాల్‌లోని క్షీర్‌గ్రామ్ జోగాద్యా దేవి గురించి కూడా శంఖు గాజుల అమ్మకందారుతో ఇలాంటి కథే ఉంది. బరంపురం కథలో ప్రత్యేకత తండ్రిగా ఎంచుకున్న మనిషిలో ఉంది. అతను పూజారి కాదు, రాజూ కాదు, ఊరికి కొత్తగా వచ్చిన నేతగాడు. చేరిన ఊళ్లో భూమి, భాష, బంధువులు లేనివారికి ఊరి దేవతే ఆడబిడ్డ కావడంతో ఒక్క కథతో చుట్టరికం కుదిరింది. ఆ చుట్టరికంతోపాటు హక్కు కూడా వచ్చింది. ఆడబిడ్డను పుట్టింటికి పిలవవలసింది తండ్రి ఇంటివారే. అందుకే యాత్ర తొలి ఆహ్వానం నేటికీ దేశిబెహెరా కుటుంబానిది.

నిర్మాణ రీతి: ప్రాంతీయ శైలి

గంజాం కళింగ వాస్తు పరిధిలోని ప్రాంతం. కళింగ శిల్పులు గుడిని ‘దేవుళ’ అంటారు. అందులో మూడు ప్రధాన రకాలున్నాయి. గర్భగుడి మీద నిటారుగా లేచి పైన లోపలికి వంగే శిఖరం రేఖా దేవుళ. మెట్లు మెట్లుగా తగ్గుతూ పోయే కప్పు పీఢ దేవుళ, దీన్ని సాధారణంగా ముందున్న జగమోహన మండపానికి వాడతారు. పీపాను అడ్డంగా పడుకోబెట్టినట్టుండే కప్పు ఖాఖర దేవుళ. ఈ మూడోది ఎక్కువగా శక్తి ఆలయాలకు చెందినది. భువనేశ్వర్‌లోని వైతాళ దేవుళ, చౌరాసిలోని వారాహి ఆలయం దీనికి ప్రసిద్ధ ఉదాహరణలు. నిలువునా చూస్తే గోడ భాగం ‘బాడ’, వంపు భాగం ‘గండి’, పైభాగం ‘మస్తకం’. మస్తకంలో పళ్లచక్రం లాంటి అమలకం, దాని మీద కలశం ఉంటాయి.

ఈ శైలి భాష సరిహద్దు దగ్గర ఆగదు. శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం గుళ్లు కళింగ రీతివే. ఇటు సింహాచలం, శ్రీకూర్మాల్లో కళింగ, ద్రావిడ లక్షణాలు కలిసే ఉన్నాయి. కాబట్టి రాజమండ్రి వైపు నుంచి వచ్చినవారికి రేఖా శిఖరం పూర్తిగా పరాయి రూపమేమీ కాదు.

అయితే గ్రామదేవత ఆలయాలను ఈ శాస్త్రీయ వర్గీకరణతో కొలవబోతే కొలబద్ద చాలదు. చెట్టు మొదలు, రాయి, ముఖబింబం, చిన్న గది, ఆ తర్వాతి తరాల చేర్పులు అన్నట్టుగా అవి ఎదుగుతాయి. శిఖరం కంటే వాకిలి, వాకిలి కంటే ముందున్న ఖాళీ స్థలం ముఖ్యం. జనం నిలబడేది, ఘటం దిగేది, వేషం ఆడేది అక్కడే.

రెండు ఇళ్లు

బుఢి ఠాకురాణికి ఒక శాశ్వత ఆలయం ఉంది. యాత్ర లేని కాలమంతా అమ్మవారి నివాసం అదే. పెళ్లయిన ఆడబిడ్డకు అత్తిల్లు ఎలాగో ఇది అలాగ. రెండోది దేశిబెహెరా వీధిలోని తాత్కాలిక మందిరం. యాత్రకు ముందు దీన్ని కడతారు, అమ్మవారిని సాగనంపాక విప్పేస్తారు. ఒడియాలో తండ్రి ఇంటిని ‘బాప ఘర’ అంటారు. తెలుగులో ఇది పుట్టిల్లు.

వాస్తు పరంగా ఇది విలోమ క్రమం. మామూలుగా శాశ్వతమైన కట్టడమే ఎక్కువ పవిత్రం, పందిరి దానికి అనుబంధం. ఇక్కడ యాత్ర సాగే రోజుల్లో పందిరే గర్భగుడి, రాతి గుడి వెనక నిలుస్తుంది. కట్టిన ప్రతిసారీ మందిరం కొత్తది. స్థానం, దిక్కు, దాన్ని కట్టించే హక్కు మాత్రం పాతవి. రాయికి బదులు వరసలో, వంశంలో నిలిచే కట్టడం ఇది. మగ్గం కూడా అలాంటిదే. గుంటా చట్రమూ ఉన్నచోటే ఉంటాయి, పడుగు ఎక్కించిన ప్రతిసారీ కొత్తగా కడతారు.

పూరీలో జగన్నాథుడు రథయాత్రకు గుండిచా మందిరానికి వెళ్లి తొమ్మిదో రోజు తిరిగి బయలుదేరడం ఈ ప్రాంతమంతటికీ తెలిసిన నమూనా. అక్కడ రెండూ శాశ్వత కట్టడాలే. విజయనగరం పైడితల్లి అమ్మవారికి ఊరి నడిబొడ్డున చదురుగుడి, రైల్వే స్టేషన్ వైపు వనంగుడి ఉన్నాయి. అమ్మవారు ఏడాదిలో ఈ రెంటి మధ్య మారుతూ ఉంటుంది. బరంపురంలో రెండో ఇల్లు పక్కా గుడిగా మారకుండా పందిరిగానే ఉండిపోయింది. అది పుట్టిల్లు అన్న భావనకు అతుకుతుంది. ఆడబిడ్డ పుట్టింటికి వచ్చేది ఉండిపోవడానికి కాదు.

యాత్ర: రాట నుంచి సాగనంపు వరకు

యాత్రకు తొలి సంకేతం దేశిబెహెరా వీధిలో శుభఖుంటి పాతడం. ఖుంటి అంటే గుంజ. తెలుగు జాతరల్లో, పెళ్లిళ్లలో పందిరి రాట వేయడం లాంటిదే. రాట పడ్డాక పందిరి పని మొదలవుతుంది. నిర్ణయించిన రోజున సముదాయ పెద్దలు ఆలయానికి వెళ్లి అమ్మవారిని పిలుచుకువస్తారు. యాత్ర మూడు వారాలకు తగ్గదు, నెల దాకా సాగడమూ ఉంది.

ఘటం. ప్రతి రాత్రీ అమ్మవారు ఘటం రూపంలో వీధులు తిరుగుతుంది. పసుపు కుంకుమలతో, పూలతో అలంకరించిన ఘటాలను స్త్రీలు తలకెత్తుకుని వాద్యాలతో ఊరేగుతారు. ఘటం వచ్చే దారిలో ఇళ్ల ముందు నీళ్లు చల్లి, దీపాలు పెట్టి, జనం ఎదురుచూస్తారు. గర్భగుడిలోని మూర్తిని చూడటానికి జనం వెళ్లడం ఒక పద్ధతి, దేవతే గడప గడపకూ రావడం మరో పద్ధతి. గ్రామదేవతలకు రెండోదే ప్రధానం. ఉత్తరాంధ్ర సంబరాల్లోనూ, సికింద్రాబాద్ బోనాల్లోనూ ఘటం ఊరేగింపు ఇదే పని చేస్తుంది. నిర్మాణ దృష్టితో చూస్తే ఘటం నడిచే గర్భగుడి. అది తిరిగిన మేరా ఆలయ ప్రాకారం లోపలి భాగమే.

వేషాలు. మొక్కుకున్నవారు దేవతలుగా, పురాణ పాత్రలుగా, సాధువులుగా, పులులుగా వేషం కట్టి అమ్మవారి దర్శనానికి వస్తారు. పులివేషం, బాఘ నాచ పేరుతో, గంజాం జానపద కళల్లో పేరున్నది. ఒళ్లంతా పసుపు నలుపు చారలు పూసుకుని, డప్పు దెబ్బకు అడుగులేస్తారు. పిల్లలకు కూడా మొక్కు కింద వేషం కట్టిస్తారు. తెలుగువారికి దీనికి దగ్గరి పోలిక తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర. అక్కడ వేషాల క్రమం రోజువారీగా నిర్ణయమై ఉంటుంది. బరంపురంలో ఎవరి మొక్కును బట్టి వారి వేషం.

రథాలు, కళాకుంజాలు. వేర్వేరు వీధులవారు పురాణ ఘట్టాలతో రథాలు అలంకరిస్తారు. కళాకుంజం అంటే మట్టిబొమ్మలతో ఒక కథా ఘట్టాన్ని నిలిపే మంటపం. సాయంత్రమైతే ఊరు ఊరంతా వీటిని చూడటానికి బయలుదేరుతుంది. ఏ వీధి కళాకుంజం బాగుందన్న పోటీ, దాని మీద వాదులాట యాత్రలో భాగమే. ఇక్కడ నేతవారి పండుగ ఊరి పండుగగా మారిపోతుంది. అమ్మవారు ఒక కులానికి కూతురు, మిగతా ఊరికి తల్లి.

చివరి రాత్రి జనసమ్మర్దం ఎక్కువ. అమ్మవారు ఊరేగింపుగా శాశ్వత ఆలయానికి తిరిగి వెళుతుంది. ఉత్తరాంధ్ర జాతరల్లో దీన్ని అనుపు అంటారు. కూతుర్ని సాగనంపే ఘట్టం కనుక ఆ రాత్రి దేశిబెహెరా వీధిలో సంబరంతోపాటు కళ్లనీళ్లూ ఉంటే ఆశ్చర్యం లేదు.

మగ్గం మీది గుడి

బరంపురం పట్టు లేకుండా ఈ ఆలయ చరిత్ర చెప్పడం కుదరదు. రాజు నేతవారిని పిలిచింది పట్టు కోసమే, యాత్రను నిలబెట్టిందీ ఆ వృత్తి సంపాదనే. నగరానికి ‘పట్టు నగరం’ అన్న పేరు వచ్చింది కూడా దానివల్లే. ఇక్కడి చీరకు ముఖ్య గుర్తు ‘ఫొడా కుంభ’ అంచు. ‘కుంభ’ అంటే అంచు నుంచి చీర ఒంటిలోకి కోసుగా లేచే త్రికోణాల వరస. దూరం నుంచి గుళ్ల శిఖరాలు బారులు తీరినట్టుంటుంది. తెలుగు చీరల కొట్లలో టెంపుల్ బోర్డర్ అనే కుటుంబానికి చెందిన నమూనా ఇది. చీర, పంచె కలిపి జతగా నేయడం ఇక్కడి ఆచారం, దాన్ని ‘జోడా’ అంటారు. బరంపురం పట్టు ఫొడా కుంభ చీర, జోడాలకు 2012లో భౌగోళిక గుర్తింపు లభించింది.

‘కుంభ’ అన్న మాట ఈ సముదాయం జీవితంలో రెండు చోట్ల కనిపిస్తుంది. యాత్రలో తల మీద మోసే ఘటమూ కుంభమే. అంచులో నేసేదీ కుంభమే. ఒకటి మరొకదాని నుంచి పుట్టిందని చెప్పలేం గాని, రెండూ ఒకే వీధివారి చేతుల మీదుగా వచ్చినవి. మర మగ్గాల పోటీ, నూలు ధరలు, పిల్లలు చదువులకూ ఇతర ఉద్యోగాలకూ మళ్లడం వల్ల మగ్గాలు తగ్గాయి. యాత్ర మాత్రం తగ్గలేదు. వృత్తి విడిచినవారు కూడా యాత్రకు సముదాయంలో తమ వంతు వదులుకోరు.

వలస నేతవారి ఆలయాలు: పోల్చదగినవి

పట్టు నేతవారు వలస వచ్చి గుడి నిలపడం భారతదేశంలో బాగా పాత ఆచారం. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సోర్ (ప్రాచీన దశపురం) శాసనం ఇందుకు లిఖిత సాక్ష్యం. లాట దేశం, అంటే దక్షిణ గుజరాత్, నుంచి వచ్చిన పట్టు నేతవారి శ్రేణి మాళవ సంవత్సరం 493లో, క్రీ.శ. 437 ప్రాంతంలో, అక్కడ సూర్యాలయం కట్టించింది. ముప్పై ఆరేళ్లకు అదే శ్రేణి దాన్ని బాగు చేయించింది. ఆ సందర్భంగా వత్సభట్టి అనే కవి శాసన పాఠం రాశాడు. వలస వచ్చినవారిలో కొందరు నేత వదిలి విలువిద్య, జ్యోతిషం, కథలు చెప్పడం వంటి పనుల్లో స్థిరపడ్డారని కూడా ఆ శాసనం చెబుతుంది. బరంపురం నేతవారి తర్వాతి తరాల కథ దీనికి దూరమేమీ కాదు. తేడా ఎక్కడంటే దశపురం శ్రేణి శిఖరం కట్టి, రాతి మీద పేరు చెక్కించుకుంది. బరంపురం సముదాయం చుట్టరికాన్ని కట్టుకుంది.

గ్రామదేవతతో బంధుత్వం కలపడం తెలుగునాటా బలంగా ఉంది. పైడితల్లిని విజయనగరం రాజు విజయరామరాజుకు చెల్లెలిగా, తిరుపతి గంగమ్మను వేంకటేశ్వరుడికి చెల్లెలిగా భావిస్తారు. అక్కడ బంధువులు రాజూ దేవుడూ. ఇక్కడ బంధువు నేతగాడు.

తర్వాతి కాలపు తెలుగు వలసలు వేరు దారుల్లో నడిచాయి. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాలకు వెళ్లిన తెలుగువారు ఘటాలతో మాతా పూజ చేస్తారు. మారిషస్‌కు కూలీలుగా వెళ్లినవారి సంతతి అమ్మోరు పండుగను, సింహాద్రి అప్పన్న పూజను నిలుపుకుంది. ఈ రెండు చోట్లా పుట్టిన ఊరి దేవత వెంట వెళ్లింది. 1970ల్లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో వెలసిన శ్రీ వేంకటేశ్వరాలయం తిరుమలను ఆదర్శంగా తీసుకుని, భారత శిల్పుల చేత పని చేయించుకుంది. అక్కడ దేవతతోపాటు శైలి కూడా ప్రయాణించింది. బరంపురం వీటికి భిన్నం. వలసవారు చేరిన ఊరి భాషలోని పేరుతోనే దేవతను పిలిచి, తమ ఇంటి ఆడబిడ్డను చేసుకున్నారు.

1936 తర్వాత

రాష్ట్రాల సరిహద్దు మారినప్పుడు బరంపురం ఏ రాష్ట్రానికి చెందాలన్న వాదం తీవ్రంగా సాగింది. భాషను బట్టి లెక్కలు తీయడం, జనాభా పట్టికల మీద తగాదా ఆ రోజుల్లో మామూలే. బుఢి ఠాకురాణిని ఈ లెక్కల్లో ఎటు వేయాలో తేల్చడం కష్టం. పేరు ఒడియా, తండ్రి తెలుగు, భక్తులు ఇద్దరూ. ఆలయం ఒడిశాలో ఉన్నా ఇచ్ఛాపురం సరిహద్దు పాతిక కిలోమీటర్ల దూరమే. యాత్ర రోజుల్లో శ్రీకాకుళం జిల్లా వైపు నుంచి ఆడపడుచులూ అల్లుళ్లూ రైళ్లలో, బస్సుల్లో బరంపురం చేరతారు. అమ్మవారితోపాటు వాళ్లకూ అదే పుట్టింటికి వచ్చే కాలం.